నోటికి లేని ఉపవాసం

టైలరు షట్టరు సగానికి దించి, కత్తెరను బల్ల మీద పడేసి, తనూ స్టూలు మీద పడ్డాడు. రంజాన్ ఉపవాసం విరమించడానికి ఇంకా పావుగంట ఉంది. మిషన్ ముందున్న భార్య తల ఎత్తలేదు.

"మీ చెల్లెలు ఏడుస్తూ ఇంటికి వెళ్లిపోయింది."

"పోనీ. కోటు చేతులు పొట్టిగా కత్తిరించి నా చేతులు విరగ్గొట్టింది. కస్టమరు ముందు తల ఎక్కడ పెట్టుకోను?"

"దాని తల తినేశారుగా, మీ తల ఎక్కడైనా పెట్టుకోండి. కడుపుకి ఉపవాసం, నోటికి విందు!"

"నన్ను మాట్లాడించకే. పొద్దుట్నుంచి ఓపిక లేదు."

"అరవడానికి ఉందిగా."

"అదేమైనా తక్కువ తిందా? నేను తిడుతుంటే 'నేను ఉపవాసం ఉన్నాను అన్నయ్యా' అని సాకు చెప్పింది. నేను లేనా? అందుకే ఇంకో నాలుగు తిట్లు తగిలించాను."

మిషన్ ఆగింది.

"అది సాకు కాదండీ. ఎవరైనా తిడితే తిరిగి తిట్టకుండా ఆ మాట అనమని ప్రవక్తగారు చెప్పారు. దాని మొదటి ఉపవాసం నాడు నేర్పింది మీరే."

అతను వంగి కిందపడ్డ గుడ్డముక్కలు ఏరి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఒళ్లంతా బరువైనట్టు లేచాడు.

"ఎక్కడికి?"

"దాని గుమ్మానికి. క్షమించమని అడగాలి."

"నీళ్ల సీసా పట్టుకెళ్లండి. దారిలోనే మసీదులో అజాన్ అయిపోతుంది, ఉపవాసం విడవాలిగా."

"వద్దు. అదిస్తేనే తాగుతాను."

"ఇస్తుంది. మీరు నోరు తెరవకముందే ఇస్తుంది."

"తెలుసు," అన్నాడతను చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ. "అందుకే కాళ్లు కదలడం లేదు."