పిల్లల దగ్గర చదువుకున్న లాలి టీచర్

1973 జూలై 16న తిరుమలాయపాలెం మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో శ్రీమతి లాలి గారు ఉపాధ్యాయినిగా చేరారు. ముప్పై అయిదేళ్ల నిష్కళంక సేవ అనంతరం 2008 జూన్ 30న వారు పదవీ విరమణ చేస్తున్న ఈ శుభవేళ, అభినందన సంచికలో నాలుగు మంచి మాటలు రాసే బాధ్యతను సహోపాధ్యాయుడు వెంకటరామారావుకు అప్పగించారు. పదేళ్లుగా ఆమెను చూసి లోలోపల కుళ్లుకున్న మనిషి అతనేనని అప్పగించినవారికి తెలియదు. ఈ వ్యాసకర్త అతనే కనుక, అతనికి తెలుసు.

ఇల్లందు ప్రాంతంలో పనిచేసిన కాలంలో, మిరపకోతలకు వెళ్లి బడి మానిన పిల్లల కోసం ఆదివారాలు సైతం తండాల వెంట తిరిగి, తల్లిదండ్రులను ఒప్పించి, ఆ పిల్లలను తిరిగి తరగతి గదికి చేర్చిన ఘనత లాలి గారిది. నలభయ్యో ఏట దూరవిద్యలో పట్టభద్రులయ్యారు. 1998లో పదోన్నతిపై బూర్గంపాడు మండలంలోని ఈ ఉన్నత పాఠశాలకు వచ్చారు. అప్పటికే ఇక్కడ లెక్కల మాస్టారిగా పాతుకుపోయిన వెంకటరామారావుకు ఎమ్మెస్సీ ఉంది, ముత్యాల్లాంటి చేతిరాత ఉంది. అయినా విరామం గంట కొడితే పిల్లలు ఆమె చుట్టూనే మూగేవారు. అతనికి కడుపు మండేది.

2003లో పాఠశాలకు నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. ఖమ్మంలో పది రోజుల శిక్షణ పొందినవాడు కనుక తాళం చెవి వెంకటరామారావుకే దక్కింది. అతను కొబ్బరికాయ కొట్టి, బొట్లు పెట్టి, వాటికి గుడ్డ కప్పి గదికి తాళం వేశాడు. ఏడాది పాటు పిల్లలు కిటికీలోంచి దర్శనం చేసుకున్నారు.

ఒకనాడు స్టాఫ్‌రూములో లాలి గారు నెమ్మదిగా అడిగారు. "సారూ, అవి పిల్లల కోసం వచ్చినయి గదా. వాళ్లే ముట్టకుంటే ఎట్ల? అది వాళ్ల హక్కు."

చెడిపోతే జవాబు ఎవరు చెబుతారని అతను వాదించాడు. హెడ్మాస్టరు తాళం చెవి తీసుకుని ఆమె చేతిలో పెట్టారు. ఆమెకు కంప్యూటరు తెరవడం కూడా రాదు కదా అని వెంకటరామారావు లోలోపల సంబరపడి, ఆ పరాభవం కళ్లారా చూద్దామని కిటికీ దగ్గర నిలబడ్డాడు.

భద్రాచలంలో అన్న నడిపే ఇంటర్నెట్ షాపులో కాస్త నేర్చుకున్న గోరి అనే ఏడో తరగతి అమ్మాయి పక్కన, యాభై నాలుగేళ్ల లాలి గారు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు.

"మౌస్ గంత గట్టిగ పట్టుకోవద్దు టీచర్. మెల్లగ జరుపుండ్రి" అంది గోరి.

"అవ్ బిడ్డా" అంటూ ఆమె చేయి సడలించారు. గంటసేపు తంటాలు పడి తన పేరు టైపు చేసి, మార్కులు వేయమన్నారు. గోరి పదికి ఏడు వేసింది.

కిటికీ బయట వెంకటరామారావు అసూయతో ఉడికిపోయాడు. ఆ యంత్రాన్ని వెలిగించడం, ఆర్పడం తప్ప తనకు మరేమీ రాదు. ఆ సంగతి పిల్లలకు తెలిసిపోతుందన్న భయంతోనే గదికి తాళం వేశానని, వాళ్ల చదువులో ఒక ఏడాదిని తానే కాజేశానని అతను ఈ సంచిక ముఖంగా ఒప్పుకుంటున్నాడు.

విరమణ తర్వాత తీరిక దొరికినప్పుడు తనకు కాస్త నేర్పమని మొన్న ఆమెను అడిగాడు.

"నాకు పిల్లలే నేర్పిండ్రు సారూ. మీరు గూడ వాళ్లనే అడుగుండ్రి" అన్నారు ఆమె.

శ్రీమతి లాలి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, నేర్చుకోవాలనే ఆ ఆకలి ఏనాడూ మందగించకుండా, కుటుంబసభ్యుల నడుమ దీర్ఘకాలం సుఖంగా జీవించాలని వెంకటరామారావు మనస్ఫూర్తిగా ఆకాంక్షిస్తున్నాడు. అతనికి ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. ఏడో తరగతి బెంచీ చివర తనకు కాస్త చోటిమ్మని నిన్న పిల్లలను అడిగాడు.

ఆలోచించి చెబుతామన్నారు.