మూడో కన్నంలో ఎర్ర వైరు

పరీక్ష మానేయమని ఎంత తేలిగ్గా అన్నావక్కా. మీ ఆయన చేయి కాలింది, నిజమే, కాదనను. అందుకని రేపు పొద్దున్నే నేను పరీక్ష ఎగ్గొట్టి ఆయన మంచం పక్కన కూర్చుని అన్నం తినిపించాలా? నీకు ఆఫీసులో తనిఖీ, మీ అబ్బాయి ఎక్కడో ఉద్యోగంలో. ఇక మిగిలింది నేనన్నమాట.

ఎప్పుడూ నేనే మిగులుతాను. ఈ ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడ్డా దీన్ని పిలవండి, దీనికేం పని అంటారు. పొద్దున్నించీ ఆ ఇస్త్రీ కొట్టులో నిలబడి కాళ్ళు వాచిపోయేది నాకు పనిలేకేనా?

మెల్లగా మాట్లాడమంటావేంటి. తలుపు వేసే ఉందిగా. మాత్ర వేసుకుని పడుకున్నాడు, ఇప్పట్లో లేవడు. ఆ టీ పొంగిపోతోంది, స్టవ్ ఆపు. ఇలా వచ్చి కూర్చో. ఇవాళ నేను చెప్పేది మధ్యలో లేవకుండా విను.

ఆర్నెల్లు చదివానక్కా ఈ హామ్ రేడియో లైసెన్సుకి. నిలబడి, ఇస్త్రీ చేస్తూ చదివాను. గోడకి కాగితం అంటించుకుని చొక్కాకో సూత్రం. వోల్టంటే ఏంటి, ఆంపియరంటే ఏంటి, ఓమంటే ఏంటి. మొదట్లో ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. ఒకరోజు చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టెనే తిరగేసి చూశాను. ఏడొందల యాభై వాట్లని రాసి ఉంది. రెండొందల ముప్పై వోల్టులతో భాగించాను. మూడుంపావు ఆంపియర్లు. ఇన్నేళ్ళూ నేను పట్టుకు తిరుగుతున్న పెట్టె సంగతి నాకు మొదటిసారి తెలిసింది. చిన్నపిల్లలా సంబరపడ్డాను. ఆ ఆదివారం మీ ఆయన చెప్పే రేడియో క్లాసుకి పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆయనకి చూపించాను.

ఏమన్నాడో తెలుసా? "ఈ లెక్క ఎవరు చేసిపెట్టారు?" అన్నాడు. పదకొండు మంది ముందు.

పగలంతా మోటార్లకి వైండింగ్ చుట్టే మనిషి సాయంత్రం ఆ హామ్ రేడియో సెట్టు ముందు కూర్చుంటే దేశదేశాల వాళ్ళు పలుకుతారు. గొప్పే. ఆ గొప్ప చూసే కదా నాకూ ఆశ పుట్టింది. నాకూ సర్కారు ఒక కాల్ సైన్ ఇవ్వాలని, గాలిలో నన్ను పిలిచే పేరు, ఐదక్షరాలూ ఒక అంకే, అవి నావై ఉండాలని. నేను పిలిస్తే ఎక్కడో ఎవరో పలకాలని. అది తప్పా?

కానీ సైకిలు షాపు పైన ఆ క్లాసు గదిలో నేను అడుగు పెట్టానంటే చాలు, "జీరో బల్బు వచ్చింది, ఎవరైనా లైటు వేయండి" అంటాడు. అందరూ ఇకిలింపులు. వాళ్ళలో నా దగ్గర చొక్కాలు ఇస్త్రీ చేయించుకునే గుమాస్తా కూడా ఉన్నాడు. మర్నాడు బట్టల మూట పట్టుకొచ్చి, "ఏం జీరో బల్బు గారూ, రేపటికి అవుతాయా" అన్నాడు. గారు తగిలించి మరీ.

సరదాకి అంటాడా? నువ్వలాగే అంటావు. నిన్నేం అనలేదుగా.

సరే, అవన్నీ దిగమింగాను. మూడు వారాల కిందట ఏం జరిగిందో అది చెప్పనీ. కెపాసిటరు మీద ఏదో అడిగితే తప్పు చెప్పాను. తల పట్టుకుని నవ్వాడు. నవ్వి, అందరి వైపూ తిరిగి, "ఈవిడగారికి ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ సీటు వచ్చింది తెలుసా? చేరి ఉంటే ఈపాటికి ఆ కాలేజీలో దీపం వెలిగేది కాదు" అన్నాడు.

అందరూ నవ్వారు. సీటొచ్చిందా? నాకా?

నాకు తెలిసింది రాలేదనే కదా అక్కా. ఇరవై రెండేళ్ళు అదే అనుకుని బతికాను. ఈ ఇంటి గేటు దగ్గరే రోజూ పోస్టుమాన్ కోసం కాపు కాశాను. నీ పక్కన పిల్లాడు ఏడుస్తుంటే లోపలికి పరిగెత్తేదాన్ని, వాడు పడుకోగానే మళ్ళీ గేటు దగ్గరికి. రాలేదులే, నీ మార్కులకి ఎక్కడొస్తుంది, వదిలెయ్ అని నువ్వే కదా నా తల నిమిరావు. నా బుర్ర అంతేలే అని నేనూ సరిపెట్టుకున్నాను. ఇస్త్రీపెట్టె పట్టుకున్నాను.

సీటొచ్చిందంటే ఉత్తరం వచ్చినట్టే. ఆయన దాచాడన్నమాట. ఎందుకో కూడా ఇంటికెళ్ళేలోపే తేల్చుకున్నాను. మీవాడు ఏడో నెలలో పుట్టాడు, పిడికెడంత. నువ్వు మంచం దిగలేవు. అమ్మా నాన్నా లేరు. నేను హాస్టలుకి పోతే ఈ ఇంటికి జీతం లేని ఆయా పోతుంది. పిల్లాడి మీద నాకు కోపం లేదు, వాణ్ణి నా రొమ్ము మీదే పడుకోబెట్టుకున్నాను. కానీ ఉత్తరం దాచినవాడు, ఇరవై రెండేళ్ళ తర్వాత అదే సీటు పేరు చెప్పి నన్ను పదిమందిలో నవ్వులపాలు చేస్తాడా?

అన్నం సయించలేదు నాకు. ఏదో ఒకటి చేయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

మొన్న ఆదివారం ఆఖరి క్లాసు. గోడ ప్లగ్గులో ఎన్ని వోల్టులున్నాయో మీటరు పెట్టి చూపిస్తానన్నాడు. ఆ మీటరుకి కింద మూడు కన్నాలుంటాయి. నల్ల వైరు ఎప్పుడూ ఒకదాంట్లోనే. ఎర్ర వైరు వోల్టులకైతే రెండోదాంట్లో, ఆంపియర్లకైతే మూడోదాంట్లో. రెండోదాంట్లో ఉంటే లోపల అడ్డం బోలెడు, కరెంటు చీమంత పోతుంది. మూడోదాంట్లో అడ్డమే లేదు. అలా పెట్టి ప్లగ్గులో గుచ్చావంటే రెండు కరెంటు తీగలూ ఒకదానికొకటి తగిలించినట్టే. ఇది నాకు నేర్పిందెవరు? ఆయనే. "తలకాయ లేనివాళ్ళు చేసే మొదటి తప్పు ఇదే" అని కూడా నేర్పాడు.

బల్ల తుడిచేదీ సామాను సర్దేదీ ఎప్పుడూ నేనే. క్లాసులో ఇంకెవరున్నారు ఆడమనిషి? ఆయన మీటరు వంక చూడడు, జనం మొహాలు చూస్తూ గుచ్చుతాడు. అదొక దర్జా.

నేనే మార్చానక్కా ఆ ఎర్ర వైరు. రెండోదాంట్లోంచి తీసి మూడోదాంట్లో పెట్టాను.

అలా చూడకు. కాల్చాలని కాదు. మీటరు లోపల ఫ్యూజుంటుంది, పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించాడు. టప్పుమని అది పోతుంది, అందరూ నవ్వుతారు, తలకాయ లేనిదెవరికో తేలిపోతుంది. అంతవరకే నా లెక్క. ఆ ఫ్యూజు ఎప్పుడో పోతే కొత్తది దొరక్క మీ ఆయన దాని చోట రాగి తీగ చుట్టి పెట్టుకున్నాడని నాకేం తెలుసు? తర్వాత విప్పి చూస్తే బయటపడింది. ముప్పై ఏళ్ళ అనుభవం మరి.

చేతిలోనే పేలింది. బొటనవేలూ పక్కన రెండు వేళ్ళూ. ఒక్కడూ నవ్వలేదు. ఆయన కింద కూలబడి, "నేనే చూసుకోలేదు, నేనే చూసుకోలేదు" అంటూ కూర్చున్నాడు. దాచడమెందుకు, ఆ మాట వింటుంటే నాకు కడుపు చల్లబడింది. బాగా అయిందనుకున్నాను. చూపుడువేలు ఇక వంగకపోవచ్చని డాక్టరు చెప్పినప్పటి నుంచి మాత్రం నిద్ర లేదు. అయినా తప్పు చేశానని అనను. నా చదువంతా ఆయన మింగాడు, ఆయనకి పోయింది ఒక వేలు.

ఏంటి? కాస్త గట్టిగా చెప్పు, వినపడటం లేదు.

నువ్వా?

ఆ ఉత్తరం తీసుకున్నది నువ్వా? నేను లోపల పిల్లాడితో ఉంటే, మంచం దిగి గోడ పట్టుకుని గేటు దాకా వెళ్ళావా? దుప్పట్ల పెట్టెలో, అడుగున... మరి ఆయనకెలా తెలుసు? చేరే తేదీ దాటిపోయాక పెట్టె సర్దుతుంటే దొరికిందా.

ఆయన నీతో నెల రోజులు మాట్లాడలేదా. నా గురించా? నాకు చెప్పేస్తానంటే నువ్వు ఆయన కాళ్ళు పట్టుకున్నావు. అందుకని నోరు మూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళు నిన్ను కాపాడుకుంటూ వచ్చి, నవ్వించబోయి నోరు జారాడు. బాగుంది.

అవును, ఆర్నెల్ల కిందట క్లాసు పెట్టగానే నన్ను రమ్మన్నది కూడా ఆయనే. ఎగతాళి చేయడానికే పిలిచాడనుకున్నాను. చేశాడు కూడా, అదైతే అబద్ధం కాదు.

ఏడవకు. నిన్ను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఉన్న కసంతా ఆ చేతి మీద చూపించేశాను, నీ వంతు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు.

ఉండు, పిలుస్తున్నాడు. వెళ్ళి చూడు ఏం కావాలో.

వచ్చావా, ఏమంటాడు? నా హాల్ టికెట్టా? జీరో బల్బు హాల్ టికెట్టు సంచిలో పెట్టుకుందా లేదా అనా?

పెట్టుకుందని చెప్పు.

రేపు నేను పరీక్షకి వెళ్తున్నాను. తనిఖీ సంగతి నువ్వు చూసుకో, సెలవు పెట్టి ఆయన దగ్గర కూర్చో. వైరు సంగతి మాత్రం ఇప్పుడు చెప్పకు. నేనూ చెప్పను. చెబితే ఆ మొహం చూశాక నా కాళ్ళు కదలవు, నాకేమో వెళ్ళాలి. పరీక్షయ్యాక చెబుతానేమో. మాటివ్వను.

అప్పుడు నీ అవసరానికి నువ్వు దాచావు, ఇప్పుడు నా అవసరానికి నేను దాస్తున్నాను. ఏం చేస్తాం అక్కా, ఎంతైనా నీ చెల్లెల్ని.