రెండు చక్రాలూ లాగే డిఫరెన్షియల్

అంకమ్మని చూశారుగా, అంబాసిడర్ కారు నడిపే అంకమ్మ. మొగుడు పోతే మిగిలింది ఆ ముసలి కారేనంట. మొగుడు డ్రైవరు, బతికున్నన్నాళ్లూ కారు కింద పడుకుని, జాకీ పట్టుకో, పానా అందుకో అని ఈమెతో చాకిరీ చేయించుకున్నాడు. అట్టా ఆ పనంతా చేతికొచ్చింది అనుకో. మిరపకోతలకి మమ్మల్నందర్నీ కుక్కి తీసుకెళ్లేది, నెప్పులొచ్చినోళ్లని ఆస్పత్రికి చేర్చేది.

అయితే ఏమైందంటే, మాది నల్లరేగడి. వానపడితే కారు కూరుకుపోద్ది. ఒక చక్రం గిర్రున తిరుగుద్ది, రెండోది కదలదు. మెకానిక్కు మస్తాన్‌ని అడిగితే, "బలం రెండు చక్రాలకీ పంచే డబ్బా వెనక ఇరుసులో ఉంటదక్కా, డిఫరెన్షియల్ అంటాం. నీ కార్లో ఉన్నది మామూలుది. ఏ చక్రం బురదలో జారితే బలమంతా దానికే పోద్ది, గట్టినేల మీదున్నది ఊరికే నిలబడద్ది" అన్నాడంట. "మా కొంపల్లో మాదిరే" అందంట అంకమ్మ. మరి రెండూ కలిసి లాగాలంటే? దానికి వేరే రకం ఉందంట, లిమిటెడ్ స్లిప్ అంటారంట. కొత్తది కొనాలంటే నీ కారు అమ్మినా చాలదు అన్నాడు. పాతది మాత్రం టౌన్లో శేషయ్య పాతినుము కొట్లో ఉందంట. డ్యాము కట్టేటప్పుడు ఓ ఇంజినీరు ఇట్టాంటి కారుకే వేయించుకున్నాడంట, ఆ కారు తుక్కైపోయి అక్కడ పడుంది.

అంకమ్మ చెవుల కమ్మలు అమ్మి, తెల్లారే ఆ కొట్టుకెళ్లింది. శేషయ్య చూశాడు, చూసి, "బోణీ కూడా కాకముందే బొట్టులేని మొహమేసుకుని వచ్చావా? పోయి మధ్యాన్నం రా" అన్నాడంట. మధ్యాన్నందాకా ఎండలో కూర్చుంది. అప్పుడేమన్నాడు? "ఇనప సామాను నీకేం తెలుసు, మగోణ్ణి పంపు" అన్నాడు. దాని పళ్లు ఎన్నో, దేనికి సరిపోద్దో అంకమ్మ చెప్తానే ఉందంట. ఆయన వింటే గదా!

ఇక్కడే అంకమ్మ తప్పు చేసింది. కమ్మలమ్మిన డబ్బులిచ్చి మరిది సుబ్బారాయుణ్ణి పంపింది. వెళ్లాడు, బేరమాడాడు, తెచ్చాడు, కొన్న చీటీ తన పేరునే రాయించుకున్నాడు. అంకమ్మే బిగించుకుంది. ఆ వానాకాలం కారు బురదలో దున్నపోతు మాదిరి నడిచిందమ్మా! ఒక్కరోజు కూలి పోలేదు మాకు. అది చూశాక సుబ్బారాయుడికి నిద్రపట్టలా. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, "కారు నడిచేది నా సామానుతో, చీటీ నా పేరున ఉంది, కాబట్టి కారూ నాదే. వదిన కావాలంటే వెనక సీట్లో కూర్చోవచ్చు" అన్నాడు. డబ్బులు నావి అని అంకమ్మ అంటే, సాక్ష్యమేదీ అన్నారు. శేషయ్యని పిలిస్తే, "నేను ఆడోళ్లతో బేరం చెయ్యనే!" అన్నాడు. అబద్ధం కాదుగా మరి. కారు సుబ్బారాయుడిదే అని తేల్చేశారు.

అంకమ్మ ఏడవలా, తిట్టలా. "ఆ ఇనుము నీదైతే ఇనుమే తీసుకో నాయనా" అని, చీర ఎగదోపుకుని అందరి ముందే కారు కిందకి దూరింది. ఇరుసులు లాగి, నట్లు విప్పి, సాయంకాలానికి దాన్ని ఊడదీసి, కారుతో వచ్చిన మామూలుదే మళ్లీ బిగించి, నూనె కారుతున్న ఆ ముద్దని మరిది కాళ్లకాడ పడేసింది. పెద్దమనుషులకి ఊడదీసినందుక్కాదు, ఆమె పిక్కలు కనిపించినందుకంట కోపం. ఎవరేమన్నా కానీ, తన సామాను ఊడదీసిచ్చాక సుబ్బారాయుడు కారు ఎట్టా అడుగుతాడు? ఆ సామాను ఇంకే కారుకీ సరిపడలా. గేదెల కొట్టంలో తలుపుకి అడ్డంగా పెట్టుకున్నాడు.

గెలిచిందంటారా? ఏం గెలుపులే. మళ్లీ వాన, మళ్లీ బురద, మళ్లీ ఒక చక్రం. అంకమ్మ స్టీరింగు కాడ, మేం ఎనిమిదిమందిమి దిగి మోకాల్లోతులో తోసుడు. మొన్న సుబ్బారాయుడి పెళ్లానికి నెప్పులొచ్చినయ్. పొరుగూరి కారు రానంది. అంకమ్మే ఎక్కించుకుంది, మేమే తోశాం. ఆయన గట్టుమీద గొడుగేసుకుని నిలబడి, "గట్టిగా తొయ్యండే, తిండి తినట్లా?" అన్నాడు. ఎవరో చెప్పింది కాదు, నేనే విన్నా. నోట్లోకి బురద చిమ్మింది గానీ, లేకపోతే జవాబు చెప్పేదాన్నే.