నా చెవులకు మాత్రమే సరిచేసిన గొంతు

సభకు వచ్చిన పెద్దలకు, మా స్టూడియోలో పనిచేసే అక్కలకు, అన్నలకు, మేం చదివిన పుస్తకాలు వినే శ్రోతలకు, ముందు వరుసలో కూర్చున్న అత్తయ్యకు నమస్కారం.

ఇంతమంది ఎదుట నిలబడి మాట్లాడటం నాకు అలవాటు లేదు. చూపులేని వాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేయడం నా పని. ముందు పుస్తకం, దాని వెనక అద్దం, అద్దం అవతల రికార్డింగు చూసుకునే ఒకే ఒక్క మనిషి. నేను గొంతు విప్పింది ఆ ఒక్క మనిషి ఎదుటే. పోయిన వారం గుండె ఆగి ఆ మనిషి వెళ్ళిపోయారు. మీరంతా ఆయన్ని చెవుల మాస్టారు అనేవారు. ఆయన మా అమ్మ తమ్ముడు. నాకు మావయ్య.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మావయ్య గురించి మంచి చెప్పడం ఏమంత కష్టం? కానీ నాకు ఆయన మీద కోపంగా ఉంది. అది దాచుకుని మాట్లాడితే ఆయన చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది. ఏమీ అనుకోకు అత్తయ్యా.

ముందు ఆ హెడ్‌ఫోన్ల సంగతి చెబుతాను. మా పాత హెడ్‌ఫోన్లు ఒక్కొక్కటిగా మూగబోయినప్పుడు మావయ్య కొత్తవి తెచ్చారు. వాటిని ప్లానార్ మాగ్నెటిక్ అంటారు. అయస్కాంతాల మధ్య సన్నటి పొర ఒకటి వెడల్పుగా పరిచి ఉంటుంది. ఆ పొర మొత్తం ఒకేసారి కదిలి శబ్దం పుట్టిస్తుంది. అందులో మంచివి కొనాలంటే మా స్టూడియోనే అమ్ముకోవాలి. ఈయన తెచ్చినవి ఆ జాతిలో అన్నిటికన్నా చవకవి. పెట్టుకుంటే తలను పటకారుతో పట్టినట్టుండేది. "స" అన్నా "శ" అన్నా చెవిలో ఎవరో ఈల వేసినట్టుండేది. "మాస్టారూ, ఇవి వినడానికి తెచ్చారా, మా మీద కక్ష తీర్చుకోవడానికి తెచ్చారా?" అని మేనేజరుగారు అందరి ముందూ ఆటపట్టించారు.

మావయ్య నవ్వారు. "పొర మంచిదేనండీ. దాని చుట్టూ ఉన్న సంసారమే బాగోలేదు," అన్నారు. భోజనాలయ్యాక ఒకదాన్ని బల్ల మీద విప్పుకుని కూర్చున్నారు. చెవికి తగిలే పలచటి కుషన్లు తీసేసి మందపాటి తోలు కుషన్లు వేశారు. పొర ముందు ఫెల్టు గుడ్డ గుండ్రంగా కత్తిరించి అతికించారు. బిగుతు తగ్గడానికి తలపట్టీని లావుపాటి నిఘంటువుకి తొడిగి రెండు రోజులు వదిలేశారు. ఆ తర్వాత కంప్యూటర్లో, గీతలు జరిపి ఒక్కో స్వరాన్ని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్ తెరిచి, ఈల వేసే చోటు ఎక్కడుందో వెతికి, అక్కడ మాత్రం కాస్త తగ్గించారు. ఆయన ఏ స్వరాన్నీ పెంచడం నేనెప్పుడూ చూడలేదు. "పెంచకమ్మా, తగ్గించు. మిగిలింది దానంతటదే వినిపిస్తుంది," అనేవారు. ఇలా విప్పీ, అతికించీ, గీతలు జరిపీ చవక హెడ్‌ఫోను బాగుపడుతుందా అని అడిగిన వాళ్ళందరికీ ఆయన జవాబు ఒకటే: "బాగుపడుతుంది. ఖరీదైనదైపోదు." మేనేజరుగారు పెట్టుకుని చూసి, తీసి, ఇంకోసారి పెట్టుకున్నారు.

చెవి విషయంలో మావయ్య అంత ఖచ్చితంగా ఉండేవారు. ఒకసారి నాటకాలు వేసే పెద్దాయన ఒకరు మాకు పుస్తకం చదివిపెడతానని వచ్చారు. హెడ్‌ఫోనులో తన గొంతు వినగానే ముఖం చిట్లించారు. "ఇదేం గొంతయ్యా! నాది గంట కొట్టినట్టుంటుంది. కాస్త బరువు పెంచు," అన్నారు. మావయ్య చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా చెప్పారు: "హెడ్‌ఫోను తప్పు ఎంతైనా దిద్దుతానండీ. మీ గొంతు మాత్రం దిద్దను. మీ చెవిలో ఒకటి, వినేవాళ్ళ చెవిలో ఇంకొకటి పోస్తే, ఎవరో ఒకరిని మోసం చేసినట్టే కదా?" పెద్దాయన అలిగి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. మావయ్య బతిమాలలేదు.

ఆ మాట నేను అక్కడే నిలబడి విన్నాను. నమ్మాను.

ఇక నా గొంతు గురించి. కాన్వెంటులో ప్రార్థన అయ్యాక రోజుకొకరు మైకులో వార్తలు చదవాలి. నా వంతు వచ్చిన రోజు వెనక వరుసల్లోంచి "జుయ్" మని శబ్దం మొదలైంది. దోమ. స్కూలు వదిలేదాకా నా పేరు అదే. నీ మంచికేనమ్మా అంటూ సిస్టర్ నన్ను వంతుల్లోంచి తీసేసి లైబ్రరీలో కూర్చోబెట్టారు. పుస్తకాలు అలా అలవాటయ్యాయి. బయటికి చదవడం మానేశాను.

చదువయ్యాక, ఆ చవక హెడ్‌ఫోన్లు వచ్చిన కొత్తలోనే, మావయ్య నన్ను స్టూడియోకి తీసుకొచ్చారు. మొదటి రోజు హెడ్‌ఫోను పెట్టుకుని ఒక పేజీ చదివాను. చెవుల నిండా దోమ. హెడ్‌ఫోను బల్ల మీద పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాపు దాకా వెళ్ళిపోయాను. మావయ్య నా చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే వచ్చారు. "పిచ్చిపిల్లా, అది నీ గొంతు కాదే. ఆ హెడ్‌ఫోను నేనింకా సరిచెయ్యలేదు. రేపు రా. నీ గొంతేమిటో నువ్వే వింటావు," అన్నారు.

మర్నాడు విన్నాను. నిదానంగా, నిండుగా, వెచ్చగా ఉన్న గొంతు. నాదే! స్కూల్లో నవ్వినవాళ్ళ చెవులు తప్పన్నమాట, ఆ మైకు తప్పన్నమాట అనుకున్నాను. అప్పటినుంచి చదువుతూనే ఉన్నాను. నవలలు చదివాను, పిల్లల కథలు చదివాను, తేనెటీగల పెంపకం కూడా చదివాను. ఆ గొంతు వింటూ వింటూ నా నడక కూడా మారిందని అమ్మ అనేది.

మావయ్య ఒక నియమం పెట్టారు. చదివినవాళ్ళు తమ పుస్తకాన్ని బయట వినకూడదు, వింటే తర్వాతి పుస్తకం చెడుతుంది అని. నేను చదివినవేవీ నేను వినలేదు. ఆ నియమం నా ఒక్కదానికేనని ఇప్పుడు తెలిసింది.

ఎలా తెలిసింది? మావయ్య పోయాక, సగంలో ఆగిన పుస్తకం పూర్తి చేద్దామని వెళ్ళాను. ఆయన కుర్చీలో ఎడిటర్ అక్క కూర్చుంది. అందరికీ పెట్టే మామూలు సెట్టింగులే పెట్టింది. నేను రెండు వాక్యాలు చదివి ఆగిపోయాను. "అక్కా, హెడ్‌ఫోను మళ్ళీ పాడైంది," అన్నాను. అక్క అద్దం అవతలినుంచి, "అది పాడవలేదే తల్లీ," అంది.

నా హెడ్‌ఫోనుకి మాత్రమే వెళ్ళే ఈక్వలైజర్ సెట్టింగు ఒకటి ఆ కంప్యూటర్లో ఉంది. అక్క తెరిచి చూపించింది. పైస్వరాలు కోసేసి, కిందివన్నీ ఎత్తి పెట్టి ఉన్నాయి. పెంచకు పెంచకు అని నాకు నేర్పిన మనిషి అక్కడ ఎంత పెంచారో చూశాను. నా కుషన్ల కింద దూది కూరి ఉంది. మిగతావాళ్ళ వాటిలో లేదు. రికార్డింగులోకి మాత్రం ఇందులో ఏదీ వెళ్ళలేదు. అంటే, ఇన్నాళ్ళూ మీరంతా విన్నది దోమనే. నేనొక్కదాన్నే ఇంకెవరినో విన్నాను.

అక్కకు తెలుసు. మేనేజరుగారికి తెలుసు. అత్తయ్యా, నీకూ తెలుసు. నీ వంటగదిలో కూర్చుని, "ఈమధ్య నా గొంతు ఇంకా బాగుంటోంది కదూ," అని నేను మురిసిపోయినప్పుడల్లా నువ్వు గిన్నెల వైపు తిరిగేదానివి.

ఇందులో అంత తప్పేముంది, నీ మంచికే కదా అని నిన్నటినుంచి అందరూ అంటున్నారు. నా మంచికే. సిస్టర్ కూడా అదే మాట అన్నారు. మావయ్యా, ఆ నాటకాల పెద్దాయనకు నిజం చెప్పావు. అలిగినా సరే, భరించగలడనుకున్నావు. నన్నెందుకు అనుకోలేదు? మొదటి రోజు సరే, చెప్పులు వదిలి పారిపోయాను. ఆ తర్వాత? రెండో పుస్తకం అయ్యాక? నాలుగోది అయ్యాక? రోజుకొక్క వెంట్రుకవాసి తగ్గిస్తూ వచ్చి ఉంటే, నాకు తెలియకుండానే నన్ను నా గొంతు దగ్గరికి చేర్చేవాడివి కదా? తగ్గించడం నీకు వచ్చినట్టు ఇంకెవరికి వచ్చు? ఎందుకు చెయ్యలేదు?

అడుగుదామంటే మనిషి లేరు. నా కడుపుమంట అంతా అదే.

ఇందాక మెట్ల దగ్గర మా శ్రోత ఒకావిడ నా చెయ్యి పట్టుకున్నారు. అల్లికలు నేర్పే ఆవిడ. సంగతి ఆవిడ దాకా వెళ్ళినట్టుంది. "నీది సన్న గొంతేనమ్మా. మాకు తెలియకపోవడమేమిటి? మొదట్లో చిరాకేసింది కూడా. తర్వాత కథలో పడి ఆ సంగతే మర్చిపోయాం," అన్నారు. ఆవిడ నన్ను పొగడలేదు, ఓదార్చలేదు. ఇన్నేళ్ళలో నా గొంతు గురించి నాకు చెప్పిన మొదటి నిజం అది. ఒక బయటి మనిషి చెప్పారు.

రేపు పొద్దున ఆ పుస్తకంలో మిగిలిన అధ్యాయాలు చదవాలి. నీ సెట్టింగు ఉంచనా, చెరిపెయ్యనా అని అక్క అడిగింది. చెరిపెయ్యమన్నాను. దూది నేనే పీకేశాను. ఫెల్టు గుడ్డ, తోలు కుషన్లు ఉంచాను. అవి హెడ్‌ఫోను తప్పుని దిద్దాయి, నాతో అబద్ధం చెప్పలేదు. చదవగలనో లేదో నాకు తెలియదు. చదవలేకపోతే, మావయ్య నా గురించి భయపడిందే నిజం. చదవగలిగితే, ఆయన నన్ను నమ్మకుండానే పోయారన్నది నిజం. రెండిట్లో ఏది తేలినా వెళ్ళి ఆయనకు చెప్పలేను.

ఈ హాలు వెనక ఉన్న స్పీకర్లోంచి ఇందాకటినుంచి నా గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. మధ్యలో ఆపేసి దిగిపోదామనిపించింది. దిగలేదు.

ఇక అందరూ ఒక్కసారి లేవండి. లేవలేనివాళ్ళు కూర్చునే ఉండండి. కాసేపు ఎవరం ఏమీ మాట్లాడకుండా ఆయన్ని తలుచుకుందాం. క్షమించమని మాత్రం నన్ను అడగకండి. నేను కోపంతోనే నిలబడతాను. కానీ, నిలబడతాను.