మియెన్ గారి నవ్వు

వియత్నాంలోని హుయే నగరం, డోంగ్ బా బజారు వెనక సందులో ఒక ఫొటో స్టూడియో. ఫొటోలు తీసేది దియెప్. లోపలి గదిలో ఫ్రేములు కట్టేది ఆమె భర్త న్యాన్. దియెప్ ఎదురుగా కుర్చీలో, చనిపోయిన భార్య మియెన్ ఫొటో ఒళ్లో పెట్టుకుని, ఖ్వాత్ అనే పెద్దాయన.

“ఫొటోలో నోరు మూస్తే చాలమ్మాయ్. ఇంకేం ముట్టుకోవద్దు.”

“పెదనాన్నగారూ, ఇంట్లో మీరు చెయ్యలేని పని నన్ను చెయ్యమంటున్నారు.”

“మా ఇంట్లో ఆవిడ నోరు తెరిస్తే కదా. వెటకారం తర్వాత. రేపు ఏడాది తద్దినం. చుట్టాలంతా వస్తారు. పోయిన పెద్దల ఫొటోలు పెట్టే పీట మీద మా తాత, మా నాన్న, మా అమ్మ, అందరూ బుద్ధిగా ఉంటే, మధ్యలో ఈవిడొక్కతే పళ్లన్నీ బయటపెట్టి.”

“అన్నీ లేవు. కింద ఒకటి ఊడింది.”

“అదీ కనిపిస్తోంది. సంతోషం.”

“కనిపించాలి మరి. నేను తీసిన ఫొటో మీద మళ్లీ చెయ్యి వెయ్యను. బయట బోర్డు మీద రాశాను కూడా.”

“బోర్డు మీద కళాకారిణి అని కూడా రాసుకున్నావు. నేనేమన్నా అన్నానా?”

“అయితే వంతెన పక్క కంప్యూటర్ షాపుకి వెళ్లండి. నోరు మూస్తాడు, ముడతలు తీస్తాడు, నీలం ఆవోదాయ్ అంగీ తొడిగి మెడలో ముత్యాల దండ వేస్తాడు. ఈపాటికి సగం బజారుని అదే ఆవోదాయ్‌లో పైకి పంపాడు. అక్కడ ఎవరెవరో తెలీక వాళ్ల తిప్పలు వాళ్లు పడుతుంటారు.”

“వెళ్లాను. ఆ నవ్వు తీసేస్తే మొహంలో ఇంకేం మిగలదన్నాడు.”

“పర్లేదే, వాడికీ కళ్లున్నాయి. టీ తాగండి, చల్లారిపోతోంది.”

“తాగుతా… ఊఁ. అసలు నవ్వమని ఎందుకన్నావు ఆవిణ్ణి?”

“నేనెవర్నీ నవ్వమనను. ఏడవమనీ అనను. ఫొటో కోసమని అందరూ ఇంటి దగ్గర్నించి ఒక మొహం తెచ్చుకుంటారు, ఇస్త్రీ చేసింది. అది నలిగేదాకా ఊరికే కూర్చోబెడతాను. నలిగాక తీస్తాను.”

“ఊరికే కూర్చోబెట్టడం కూడా కళేనా?”

“మీరు కూర్చున్నారుగా. మీదీ నలగడం మొదలైంది.”

“నా మొహం సంగతి వదిలెయ్. ఆవిడతో… ఎవరన్నా వచ్చారా?”

“ఎప్పుడు?”

“అదే, ఆ రోజు. ఫొటో రోజు.”

“దానికీ తద్దినానికీ ఏం సంబంధం?”

“ఏం లేదు. ఊరికే.”

“ఊరికే అడిగేవాళ్లు కప్పు అంత గట్టిగా పట్టుకోరు.”

“నాకు చెప్పకుండా వచ్చింది. కూరగాయలకని వెళ్లింది. పోయాక మా కోడలు తెచ్చి చేతిలో పెట్టింది, అత్తయ్య ఇదే పెట్టమన్నారు అని.”

“ఇంట్లో ఎలా ఉండేవారు ఆవిడ?”

“ఎలా ఉండేదంటే, ఉండేది. గంజి చల్లారిందా అంటే చల్లారింది అనేది. ఉప్పెక్కువైందా అంటే ఎక్కువైంది అనేది. అంతే. ఇన్నేళ్ల కాపురంలో ఇలా నవ్వగా నేను చూళ్లేదు. రోజూ పొద్దున అగరొత్తి వెలిగించడానికి వెళ్తాను, ఎదురుగా ఇది. ఎవరో నవ్వించారు. నేను కాదు. ఆ మాత్రం నాకు తెలుసు.”

“అంటే, చుట్టాలు చూస్తారని కాదు.”

“చుట్టాలు కూడా చూస్తారు.”

“ఆఁ.”

“ఎవరమ్మాయ్?”

“ఎవరేంటి?”

“కెమెరా వెనక నువ్వున్నావు. పక్కనెవరున్నారు? చెప్పు. ఈ వయసులో నేనేం చేస్తాను, కత్తి పట్టుకుని వెళ్తానా? వెళ్లడానికి మోకాళ్లు సహకరించొద్దూ. పేరన్నా చెప్పు, లేదా ఆవిడ నోరన్నా మూసిపెట్టు.”

“మీరే.”

“ఏమిటి?”

“మిమ్మల్ని తలుచుకునే నవ్వారు. మీ ఆయన ఎలా ఉంటారని అడిగాను. చెప్పలేదు, చేసి చూపించారు.”

“ఏం చేసింది?”

“మీరు టీ తాగడం. ముందు కప్పులోకి ఊదుతారు. లోపల ఎవరన్నా ఉన్నారేమో అన్నట్టు తొంగి చూస్తారు. సర్రున లాగి ‘ఊఁ’ అంటారు, సర్కారు అనుమతి ఇచ్చినట్టు. తర్వాత దగ్గి, మెడ అటూ ఇటూ తిప్పుతారు. ఆ ‘ఊఁ’ దగ్గర ఇక ఆపుకోలేకపోయారు. నేను మీట నొక్కాను.”

“నేనలా అనను.”

“ఇందాకే అన్నారు.”

“వెక్కిరించిందన్నమాట.”

“బాగా.”

“రోజూ తనే పోసిచ్చి, ఎదురుగా కూర్చుని, ఏమీ ఎరగని మొహం పెట్టుకుని… లోపల ఇదా. దొంగ మనిషి.”

“అయితే నోరు మూసెయ్యనా?”

“నీది మూసుకో ముందు. ఆ మెత్తటి గుడ్డ ఇలా ఇవ్వు, అద్దం మీద నా వేలిముద్రలు పడ్డాయి.”

“ఇదిగోండి. మెల్లగా తుడవండి.”

“నాకు తెలుసులే. రేపు మీ ఆయన్ని తీసుకుని భోజనానికి రా. ఆవిడ ఎలా చేసిందో నువ్వే చెప్పు అందరికీ. నేను చెబితే బావుండదు.”

“వస్తాం. మెట్టు చూసుకుని దిగండి పెదనాన్నగారూ.”

“దిగుతాలే.”

“పెద్దాయన వెళ్లాడా, దియెప్?”

“వెళ్లాడు. లోపల్నించి అంతా విన్నారా ఏమిటి?”

“సుత్తి పక్కన పెట్టి మరీ విన్నాను. ఆ టీ తాగడం ఆవిడ నిజంగా అంత బాగా చేసిందా?”

“ఇంతసేపూ నా ఎదురుగానే తాగాడు కదండీ. చూసినవాళ్లెవరైనా చేస్తారు.”

“మరి ఆవిడ దేనికి నవ్వింది?”

“తెలీదు. కూర్చుని, కూర్చుని, తనలో తనే నవ్వింది. ఆవిడకి మొగుడనేవాడొకడు ఉన్నాడని నాకు తెలిసిందే ఇవాళ.”