తొడుగు ఎక్కించారా, టవరక్కగారూ?

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, జూలై ఎనిమిదవ తేదీ, సోమవారం ఉదయం, మన సాంకేతిక శిక్షణ సంస్థలోని హామ్ రేడియో విభాగంలో సహాయ సాంకేతిక నిపుణురాలిగా ఒక సన్నపాటి యువతి విధులలో చేరారు. చేరిక పత్రం మీద సంతకం ఆరకముందే ఆమె వేసిన మొదటి ప్రశ్న, పెరట్లోకి దారి ఎటు అని. తనకు కేటాయించిన కుర్చీ సంగతి ఆమె అడగనూ లేదు, ఆ తరువాత ఇన్నేళ్లలో ఆ కుర్చీని పెద్దగా పట్టించుకోనూ లేదు. ఆ యువతే నేడు విభాగాధిపతిగా పదవీ విరమణ చేయుచున్న, మనమందరం ఆదరాభిమానాలతో టవరక్కగారని పిలుచుకునే మహనీయురాలు.

ఈ సంచిక చదివే కుటుంబ సభ్యులలో కొందరికి హామ్ రేడియో అంటే ఏమిటో తెలియకపోవచ్చు. పరీక్ష రాసి, ప్రభుత్వ అనుమతి పొంది, సొంత యంత్రంతో, పైసా ప్రతిఫలం ఆశించకుండా, ముక్కూ మొహం తెలియని దేశాంతరవాసులతో ఆకాశమార్గాన కబుర్లు చెప్పుకునే వారి వ్యాసంగమది. మాట్లాడేవారు ఎంత గొంతు చించుకున్నా లాభం లేదు. ఏంటెన్నా ఎంత ఎత్తున, ఎంత చక్కగా నిలిచి ఉంటే మాట అంత దూరం పోతుంది. ఆ రోజులలో మన పెరట్లో ఉన్నదల్లా ఒక ఇనుప గొట్టం, దాని కొనకు వేలాడే రాగి తీగ. గాలి వీస్తే గొట్టం వంగేది, గొట్టం వంగితే సంభాషణ సగంలో తెగేది. అవతలి ఖండంవారు మనం అలిగి లేచిపోయామనుకునేవారట.

చేరిన రెండవ ఏట, సంస్థ అనుమతితో, టవరక్కగారు అసలైన టవర్ నిర్మాణానికి పూనుకున్నారు. మూడు కాళ్ల ఇనుప చట్రాలను ఒకదాని మీద ఒకటిగా పేర్చి, బోల్టులతో బంధించి, మూడు దిక్కులా ఉక్కు తీగలతో నేలకు లాగి కట్టిన ఆ నిర్మాణం నేటికీ మన వర్క్‌షాపు వెనుక నిటారుగా నిలిచి ఉన్నది. ఇనుము మోయడం ఆ పనిలో తేలిక భాగం, తీగలను సముదాయించడమే బ్రహ్మవిద్య. ఒకదాన్ని బిగిస్తే మిగిలిన రెండూ అలుగుతాయి, ఒకదాన్ని వదిలితే మిగిలిన రెండూ టవర్‌ను తమ వైపు ఈడ్చుకుపోతాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న మాట ఆ తీగలను చూసే పుట్టి ఉంటుందని, ముగ్గురు తోటికోడళ్లున్న ఇంట్లో మెలిగినవారికి ఈ పని ఇట్టే అబ్బుతుందని ఆమె అంటూ ఉండేవారు.

తోటికోడళ్ల ప్రసక్తి ఊరికే రాలేదు. టవర్ సగం లేచేసరికి ఆమెకు వివాహమైంది. భర్తగారు వృత్తిరీత్యా దర్జీ. నడివీధిలో చిన్న దుకాణం, రెండు కుట్టుమిషన్లు, చెవి మీద ఎప్పుడూ సుద్దముక్క. ఎత్తు అంటే ఆయనకు ఎంత భయమంటే, భార్య టవర్ ఎక్కుతున్నంతసేపూ నేలచూపులు చూస్తూ నిలబడేవారు తప్ప తల పైకెత్తేవారు కారు. బజారులో కొన్న నడికట్టు మీద నమ్మకం కుదరక, ఆమె తొడుక్కునే ప్రతి బెల్టునూ విప్పి, దళసరి దారంతో తానే రెండు వరుసలు కుట్టి, ఇసుక బస్తాలు వేలాడదీసి పరీక్షించి ఇచ్చేవారు. మన టవర్ చరిత్రలో ఎవరూ కింద పడలేదన్న కీర్తిలో సగం వాటా ఆ కుట్టుకు చెందుతుందని సవినయంగా మనవి.

ఇక టవర్ ప్రారంభోత్సవం రోజు జరిగిన ముచ్చట చెప్పకపోతే ఈ వ్యాసం ఉప్పు లేని కూరవుతుంది. ఏంటెన్నా నుంచి కిందికి దిగే లావుపాటి కేబుల్ పైకొనకు ఒక ప్లగ్గు అతకాలి. ఆ ప్లగ్గు మీదికి మరలున్న ఒక చిన్న తొడుగు వచ్చి బిగుసుకుంటుంది. ఆ తొడుగును ముందుగా కేబుల్‌లోకి ఎక్కించి, ఆ తరువాతే ప్లగ్గును సీసంతో అతకాలి. అతికాక ఎక్కించడం బ్రహ్మతరం కూడా కాదు. కింద రేడియో గదిలో నాటి డైరెక్టరుగారు, అతిథులు మైకు ముందు కూర్చుని ఉన్నారు. పైన టవరక్కగారు కాల్చిన కడ్డీతో ప్లగ్గును అద్దంలా మెరిసేటట్టు అతికి, తృప్తిగా చూసుకుని, తొడుగు కోసం చెయ్యి చాచారు. తొడుగు ఏది? పారేసుకుంటానేమోనని తానే భద్రంగా దాచమని భర్తగారికి ఇచ్చిన తొడుగు, కింద ఆయన చొక్కా జేబులో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది. ప్లగ్గు కోసి పారేసి, తాడు మీద తొడుగును పైకి రప్పించుకుని, మళ్లీ మొదటి నుంచి అతికి దిగేసరికి అతిథుల కాఫీ రెండు విడతలైంది. దిగీదిగగానే భర్తగారు నేలచూపులు చూస్తూనే అడిగారు.

"తొడుగు ఎక్కించావా?"

ఆ ప్రశ్న ఆ రోజుతో చావలేదు. కవరు అంటించే ముందు గుమాస్తా, ప్రశ్నపత్రం అచ్చుకు పంపే ముందు అధ్యాపకులు, ప్రయాణమయ్యే ముందు మన డ్రైవరుగారు, అందరూ ఒకరినొకరు అడిగే మాట అదే అయింది. కొత్తగా చేరినవారు అర్థం కాక బిక్కమొహం వేయడం, పాతవారు ఈ కథ మొదలుపెట్టడం మన సంస్థ ఆనవాయితీ.

ఆపై సంవత్సరాలు అవిశ్రాంత పరిరక్షణ పర్వం. గాలుల కాలానికి ముందు ప్రతి బోల్టునూ తాకి చూడడం, తుప్పు గీకి రంగు వేయడం, తీగల బిగువును చేత్తో మీటి పరీక్షించడం, ఎక్కే ముందు రేడియో యంత్రం ఫ్యూజు పీకి తన జేబులో వేసుకోవడం ఆమె తప్పని నియమాలు. పైన మనిషి ఉండగా కింద ఎవరో మైకు మీట నొక్కితే ప్రాణాల మీదికి వస్తుంది. ఫ్యూజు జేబులో ఉంటే ఆ భయం లేదు. ఆమె కుమార్తె పసితనంలో వర్క్‌షాపు గుమ్మంలో కూర్చుని, పైనుంచి దిగేవారి అరికాళ్లు చూసి అమ్మను గుర్తుపట్టేది. పదోన్నతులు వరుసగా వచ్చాయి, బల్ల పెద్దదయింది, గదికి తెర వచ్చింది. అయినా ఫైలు తాడుకు కట్టి పైకి పంపితే సంతకమై కిందికి వచ్చేది. అటువంటి ఒక ఫైలు మీద గ్రీజు వేలిముద్ర పడిందని కార్యాలయ పర్యవేక్షకులు రెండు పేజీల అభ్యంతరం రాశారు.

ఆ పర్యవేక్షకులను ఇక్కడ సగౌరవంగా పరిచయం చేయాలి. ఏ ఫైలు వచ్చినా తొలి పంక్తిలో 'అభ్యంతరం' అని రాయనిదే ఆయనకు కలం సాగదు. ఆ కారణంగా ఆయనను అభ్యంతరంగారని పిలుస్తాం, ఆయనా పలుకుతారు. టవరక్కగారి పదవీ విరమణకు కొద్ది నెలల ముందు ఆయనే ఒక నివేదిక పెట్టారు. ఆమె తరువాత టవర్ ఎక్కేవారు సంస్థలో ఎవరూ లేరు, ఎక్కేవారు లేని టవర్ ప్రమాదకరం, కావున ఆమె పదవిలో ఉండగానే, ఆమె పర్యవేక్షణలోనే దానిని దింపివేయవలెను. వాదనలో పొల్లు లేదు. డైరెక్టరుగారు ఇష్టం లేకపోయినా సంతకం చేశారు.

తన చేత్తో నిలబెట్టినదాన్ని తన చేత్తోనే పడగొట్టమన్న ఆ ఉత్తర్వు అందిన సాయంత్రం టవరక్కగారు అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదట. టవర్ పోతే రేడియో గది మూగదవుతుంది, విభాగానికి తాళం పడుతుంది, తన జీవితకాలపు పనిలో మిగిలేది పెరట్లో మూడు సిమెంటు దిమ్మెలు. ఆమె దుఃఖించారు, దాచడానికేమీ లేదు. మరునాడు ఉదయం మాత్రం డైరెక్టరుగారి గదికి వెళ్లి, ఉత్తర్వును శిరసావహిస్తానని, అయితే దింపడం ఎక్కించడం కన్నా కష్టమని, ఒక్కరి వల్ల అయ్యేది కాదని, కొందరికి తర్ఫీదు ఇవ్వాలని విన్నవించారు. అందులో అభ్యంతరపెట్టడానికి అభ్యంతరంగారికే ఏమీ దొరకలేదు.

లైబ్రేరియన్‌గారు, డ్రైవరుగారు, మరికొందరు ఉత్సాహవంతులు ముందుకు వచ్చారు, ఆదివారాలలో తర్ఫీదు మొదలైంది. భర్తగారు ఒక్కొక్కరికీ కొలత తీసి బెల్టు కుట్టారు. విప్పిన సామగ్రి స్థితిని ధ్రువీకరించవలసిన బాధ్యత అభ్యంతరంగారిది; ఆయన కలం, అట్ట పట్టుకుని నేల మీద నిలబడ్డారు. టవరక్కగారు ఆయన వద్దకు వెళ్లి నెమ్మదిగా అన్నారు.

"కింద నిలబడి రాస్తే పైన ఏముందో మీకెలా తెలుస్తుందండీ? చూడకుండా సంతకం పెట్టే మనిషి కాదు మీరు."

దెబ్బ సరిగ్గా తగలవలసిన చోట తగిలింది. ఆయన బెల్టు తొడుక్కుని, దైవాన్ని తలచుకుని, మొదటి చట్రం దాకా ఎక్కారు. మరుసటి ఆదివారం రెండవది. ఆ పై ఆదివారం ఆయన అందరికన్నా ముందు వచ్చారు, అదీ ఇంటి దగ్గరే బెల్టు బిగించుకుని, సిటీ బస్సులో. తోటి ప్రయాణికులు ముక్కున వేలేసుకున్నారట.

తర్ఫీదు క్రమం చిత్రమైనది. తుప్పు పట్టిన బోల్టు విప్పబోతే విరుగుతుంది, కాబట్టి అన్నిటికీ గ్రీజు పెట్టాలన్నారు, పెట్టారు. తీగ వదిలే ముందు మూడింటి బిగువూ సమానం చేయాలన్నారు, చేశారు. కాళ్లలో లోపముంటే దింపేటప్పుడు ఒరుగుతుందని పాడైన పట్టీలను మార్పించారు, వంగిన ఏంటెన్నా కడ్డీలను తాడుకు తగలకుండా చక్కదిద్దించారు. దింపుడు ముహూర్తం సమీపించేసరికి టవర్ కట్టిన కొత్తలో కన్నా దృఢంగా, పెళ్లికొడుకులా తయారైంది. ఎవరికైనా అనుమానం వచ్చిందా అంటే, పనిలో పడి ఎవరికీ తోచలేదు.

దింపే రోజు ఉదయం సంస్థ యావత్తూ పెరట్లోకి తరలి వచ్చింది. నియమం ప్రకారం ఫ్యూజు పీకిన టవరక్కగారు, దాన్ని తన జేబులో వేసుకోకుండా అభ్యంతరంగారి జేబులో వేశారు. పైకొన పని ఆయన కోరి తీసుకున్నారు మరి. ఆయన చకచకా ఎక్కి, తొలి చర్యగా కేబుల్‌ను కోశారు. టవరక్కగారి మొహం పాలిపోయింది. తరువాత పట్టుకోవలసింది ఏంటెన్నా బోల్టు. ఆయన రెంచి తగిలించారు, ఆగారు, చుట్టూ చూశారు, కింద ఒక్కో అంతస్తులో బెల్టులతో వేలాడుతున్న లైబ్రేరియన్‌గారినీ డ్రైవరుగారినీ చూశారు. చివరికి పైనుంచి, ఫైలు మీద రాసేంత స్పష్టంగా, ఆయన స్వరం వినిపించింది.

"అభ్యంతరం. ఎక్కేవాళ్లు లేరనే కదా దింపమన్నాం. మరి ఇప్పుడు ఇక్కడ ఉన్నది ఎవరండీ?"

డైరెక్టరుగారు ముందు తెల్లబోయారు, తరువాత విరగబడి నవ్వారు. తన నివేదికను తానే ఖండించిన అధికారిని తన సర్వీసులో చూడలేదని, ఉత్తర్వును అక్కడికక్కడే రద్దు చేస్తున్నానని ప్రకటించారు. పెరడు చప్పట్లతో హోరెత్తింది. టవరక్కగారు మాత్రం తీగ కట్టిన దిమ్మె మీద కూలబడి, కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఇదంతా ఆమె పన్నాగమేనా అని అందరూ చుట్టుముడితే ఆమె పక్కనున్న తీగను మీటి బిగువు చూడసాగారు. గుట్టు విప్పింది భర్తగారు.

"నాలుగు ఆదివారాల పనికి ఏళ్ల తరబడి మన్నేలా కుట్టమంటే, ఎందుకో అనుకున్నాను."

కోసిన కేబుల్‌కు ఇప్పుడు కొత్త ప్లగ్గు అతకాలి. సామగ్రి సంచీ తాడు మీద పైకి వెళ్లింది. అభ్యంతరంగారు కడ్డీ పట్టి, నాలుక కొరుక్కుంటూ, శ్రద్ధగా అతకసాగారు. ఆయన చేతుల కదలికను బట్టే కింద ఉన్న ఆమెకు విషయం అర్థమైపోయింది. మాకూ అర్థమైంది. పెరడంతా ఒక్క గొంతుతో ఆ పాత ప్రశ్న అరవబోయింది, టవరక్కగారు చెయ్యెత్తి వారించారు. అతకడం పూర్తయింది. ఆయన మెరిసే ప్లగ్గును తృప్తిగా చూసుకున్నారు. సంచీలో చెయ్యి పెట్టారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మేడమ్," అని పైనుంచి నీరసంగా వినిపించింది. "తొడుగు..."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె మొహం వెలిగిపోతోంది.

"ఇప్పుడు ఈ టవర్ మీదైంది," అన్నారు టవరక్కగారు. "కోసి, మళ్లీ అతకండి."

మధ్యాహ్నానికి రేడియో గదిలో ఎక్కడో సముద్రాల అవతలి గొంతు గణగణలాడుతూ మనకు బదులు చెప్పింది. ఆ సంబరంలో చాలామంది గమనించని దృశ్యం ఒకటుంది. భార్య నేల మీద తన పక్కనే ఉన్నదని చెయ్యి పట్టి రూఢి చేసుకుని, దర్జీగారు మెల్లగా తల పైకెత్తి, ఆ టవర్‌ను మొదలు నుంచి కొన దాకా చూశారు. ఇంత ఎత్తా అని ఒక్క మాటే అన్నారట. ఇంతకాలం చెబితే భయపడతారని చెప్పలేదని ఆమె బదులిచ్చారట.

టవరక్కగారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు, కుమార్తె ఇంట సుఖసంతోషాలు కలగాలని మనసారా కోరుకుంటున్నాం. ఆ టవర్‌ను ఆ దంపతులు ఇద్దరూ కలిసి, కింద నిలబడి, తీరిగ్గా చూసే ఆదివారాలు లెక్కలేనన్ని రావాలి. బోల్టులకు గ్రీజు పెట్టడం మా వంతు. తొడుగు సంగతి అభ్యంతరంగారు చూసుకుంటారు. ఇక ఆయన జన్మలో మరిచిపోరు.