బొమ్మలో లేని వాల్వు

గోపాలపట్నంలోని సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, ఫ్యాక్టరీ గ్యాస్ లైన్ల కంప్యూటర్ మోడల్ ముందు మేనేజరూ, దాన్ని తయారుచేసిన అమ్మాయీ వాదించుకుంటున్నారు.

“రేపు చూడ్డానికొచ్చేవాళ్లకి బొమ్మ నీటుగా ఉండాలని ఈ ఎమర్జెన్సీ వాల్వు చెరిపేశాను. ప్లాంటు డేటాలో ఇంకా ఎలగుందమ్మా?”

“బొమ్మకొక ఫైలు, ప్లాంటుకొక ఫైలు చేసీసాను సార్. పాత పద్ధతిలో అయితే, మీరు బొమ్మలో చెరిపితే వాల్వు డేటాలోంచి కూడా పోయీది. ఆ డేటాతో నడిచే కంట్రోల్ రూంలో, గ్యాస్ లీకైనా అలారం మోగీది కాదు.”

“విడదీయమని నానడిగానేటి? మళ్లీ కలిపీ.”

“కలపను సార్. గ్యాస్ లీకైతే బొమ్మ అందం చూసి ఆగుతాదేటి?”

“అయితే డ్రాయింగు మీద నీ పేరుండదు.”

“తీసీండి సార్. నా పేరు బొమ్మలోది. వాల్వు ప్లాంటులోది.”